తిమ్మరాజు ఎంచిన రీడరు

పావురాన్ని శాంతికి గుర్తుగా బొమ్మ వేసినవాళ్లెవరో పావురాలు పెంచే మనిషిని ఒక్కణ్ణి కూడా చూసి ఉండరు. హోసూరు మిద్దెల మీద ఆదివారం పొద్దున ఒక అరగంట నిలబడితే సంగతి తెలుస్తుంది. ఎదురు మిద్దె మీద ఎవడైనా చెయ్యెత్తి తల గోక్కుంటే చాలు, తన పక్షిని దించుకోవడానికి సైగ చేస్తున్నాడని ఇటువాడి అనుమానం. ఇటువాడు ఈల వేస్తే అటువాడికి అనుమానం. ఈ అనుమానపు జాతిలో కూడా తిమ్మరాజు ఒక మెట్టు పైన ఉంటాడని మిగతావాళ్లు ఒప్పుకుంటారు.

తిమ్మరాజుకు యాభై దాటాయి. పుట్టింది వేప్పనపల్లి పక్క పల్లెలో, బతుకుతున్నది తమిళనాడు అంచునున్న హోసూరులో. ఒక విడిభాగాల కంపెనీలో, కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ మెషిన్లకు సెట్టింగు చేసి పెట్టడం అతని పని. కొలత సరిపోయిందని మెషినే చెప్పినా మళ్లీ ఒకసారి తన గేజీ పెట్టి చూడనిదే వదలడు. ఇంట్లోనూ అంతే. గ్యాసు సిలిండరు తెచ్చినవాడు సీలు చూపించి, తూకం చూపించి, చివరికి తన ఊరు పేరు కూడా చెప్పి పోవాలి. అందరూ పక్షి కాలి రింగు మీద ఫోన్ నంబరు వేయించుకుంటారు. తిమ్మరాజు వేయించుకోడు. నంబరు ఉంటే దొంగ ఫోన్ చేసి బేరానికి దిగుతాడని అతని వాదం. తన రింగుల అంచున ఆకురాయితో చిన్న గాటు పెడతాడు. ఆ గాటు సంగతి మూడోవాళ్లకు తెలియదు.

"అట్లయితే నీ పక్షి ఎవరికన్నా దొరికితే, అది నీదని వాళ్లకెట్ల తెలుస్తాదయ్యా?" అని అతని భార్య కాంతమ్మ ఒకసారి అడిగింది.

"వాళ్లకెందుకు తెలవాల? నేను పోయి చూస్తే నాకు తెలుస్తాది."

"నువ్వు యాడికని పోతావు?"

దానికి తిమ్మరాజు దగ్గర ఒకటే జవాబు ఉంది. బోర్డు.

రెండేళ్ల కిందటి దాకా ఈ చుట్టుపక్కల పావురాలవాళ్లకు వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉండేది. పొద్దున పూలబొమ్మలు, మధ్యాహ్నం రాజకీయం, సాయంత్రం తిట్లు. పావురాల మాట వారానికొకసారి వస్తే గొప్ప. అందులో ఒకాయన సరదా పడి తన గూళ్ల ఫోటో పెట్టాడు, వెనకాల సందు పేరు కనపడేటట్టు. వారం తిరగకముందే ఆ గూళ్లు ఖాళీ. ఏ నంబరు వెనక ఏ మనిషి ఉన్నాడో ఎవరికీ అంతుపట్టలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అందరూ గ్రూపులోంచి బయటికొచ్చేశారు.

ఆ తరవాత వాళ్లకు దొరికినవాడు శశికుమార్. తెనాలి వైపు మనిషి, హోసూరులో ఒక ఆఫీసులో కంప్యూటరు ఉద్యోగం. పావురాల గోల అతనికి పట్టదు. అతని పిచ్చి వేరే. ఇంటర్నెట్ ఇంటింటికీ రాకముందు కంప్యూటర్ల పిచ్చి ఉన్నవాళ్లు ఇళ్లలోనే చిన్న చిన్న ఉత్తరాల బోర్డులు నడిపేవారు. శశికుమార్ ఇప్పటికీ తన పడకగది మూల అలాంటిదొకటి నడుపుతున్నాడు. కోలారులో ఒకరింట్లో, కుప్పంలో ఒకరింట్లో, కృష్ణగిరిలో ఒకరింట్లో ఇలాంటి కంప్యూటర్లే ఉన్నాయి. కొద్ది నిమిషాలకొకసారి అవి ఒకదాన్నొకటి పలకరించి ఉత్తరాల మూటలు మార్చుకుంటాయి. వాల్వు రేడియోలు బాగుచేసేవాళ్లకు ఒక విభాగం, గులాబీ అంట్లు కట్టేవాళ్లకు ఒకటి. అడిగితే పావురాలవాళ్లకూ ఒకటి తెరిచి ఇచ్చాడు. ఫోన్ నంబర్లు కనపడవు, ఫోటోలు వెళ్లవు, ప్రకటనలు లేవు.

"దీనికి ఓనరంటూ ఎవరూ లేరండీ. ఇష్టమున్నవాళ్లం తలా కొంచెం మోస్తున్నాం" అన్నాడు శశికుమార్.

"ఓనరు లేకుండా ఎట్ల నడుస్తాది సార్? ఎవడో ఒకడు ఉంటాడు. మీకు తెలిసుండదు" అన్నాడు తిమ్మరాజు. అన్నాడే గాని, మొదట చేరినవాడు అతనే.

బోర్డు వచ్చాక పావురాలవాళ్లు అందులోనే ఒక కట్టుబాటు చేసుకున్నారు. దెబ్బతిన్న పక్షో దారితప్పిన పక్షో ఎవరి గూట్లో దిగినా వాళ్లు బోర్డులో రాయాలి. వచ్చే అమావాస్యలోపల సొంతదారు అడిగితే మారుమాట లేకుండా ఇచ్చేయాలి. అడగకపోతే దానికి జత కట్టుకోవచ్చు. ఆ గూట్లో అది గుడ్డు పెట్టిందంటే ఇక దాన్ని తిరిగి అడగడం తప్పు. మనుషుల మీద నమ్మకం లేనివాళ్లు చేసుకున్న కట్టుబాటు కాబట్టి అది గట్టిగానే నిలబడింది.

నిలబడనిది చదవడమే. బోర్డు చూడాలంటే నల్లటి తెర మీద ఒక్కొక్క అక్షరం కొట్టి ఒక్కొక్క గదిలోకి పోవాలి. తప్పు అక్షరం కొడితే మళ్లీ వాకిట్లోకి వచ్చి పడతారు. కళ్లజోడు వాళ్లు ఒక్కొక్కరే మానేశారు. పావురాల పందేల కాలం దగ్గరపడుతుండగా హోసూరులో ఒక మిద్దె మీద పదిమంది కూర్చుని మాట్లాడుకున్నారు.

సూళగిరిలో హైవే పక్కన టిఫిన్ అంగడి నడిపే దుర్గాదేవి కూడా వచ్చింది. పావురాలు ఆమె భర్తవి. ఆయన పోయాక అమ్మేయమని అందరూ సలహా ఇచ్చారు. ఆమె ఇంకో రెండు జతలు చేర్చింది.

"ఎగిరిపోయిన పక్షి యాడుండాదో తెలుసుకోవచ్చు గాని ఆ నల్ల తెరలో ఉత్తరం యాడుండాదో తెలుసుకోలేమప్పా. ఫోన్లో సులువుగా చదివేదొకటి ఎవరన్నా చూసి పెట్టండి" అంది.

"ఎవరు చూసేది?"

"తిమ్మరాజన్న చూడనీ. ఆయనే నమ్మినాడంటే ఇంక మనం అనుమానించేదానికి ఏం మిగల్తాది?"

అందరూ నవ్వారు. తిమ్మరాజుకు ఆ నవ్వు నచ్చలేదు. పని మాత్రం ఒప్పుకున్నాడు. దానికి సొంత కారణం ఉంది. అతని దగ్గర నీలి అనే ఆడపక్షి ఉంది. బూడిదరంగు ఒళ్లు, రెక్క మీద రెండు నల్ల గీతలు, ఎంత దూరం తీసుకెళ్లి వదిలినా గీసిన గీతలా ఇంటికి వస్తుంది. ఆ ఏడు దాన్ని మొదటిసారి అనంతపురం పందానికి పంపబోతున్నాడు. మధ్యలో కొండలు, కొండల్లో డేగలు. అది ఎక్కడైనా పడితే ఆ కబురు వచ్చే దారి బోర్డు ఒక్కటే. అందరూ చదివితేనే ఎవరో ఒకరు రాస్తారు.

మొదట పట్టుకున్న రీడరు, అంటే బోర్డు ఉత్తరాలు చదివించే యాప్, చూడముచ్చటగా ఉంది. రంగులు, గంటలు, రాత్రికొక వేషం. పెట్టగానే ప్రశ్నలు మొదలుపెట్టింది. నీ ఫోన్లో పేర్లు చూడవచ్చా, నువ్వెక్కడున్నావో చూడవచ్చా, మైకు వాడుకోవచ్చా.

"ఉత్తరం చదివేదానికి మైకెందుకు?" అన్నాడు తిమ్మరాజు.

"అడిగింది కదయ్యా, మర్యాదగా. వద్దని చెప్పు" అంది కాంతమ్మ.

"వద్దంటే మానుకుంటాదని నీకెవరు చెప్పినారు?"

దాన్ని తీసేశాడు. తీసేసినా ఏదైనా మిగిలి ఉంటుందేమోనని ఫోన్ మొత్తం తుడిచేశాడు. దాంతో కాంతమ్మ అక్క కూతురి పెళ్లి ఫోటోలు కూడా పోయాయి. ఆ ముచ్చట ఆ ఇంట్లో ఇప్పటికీ సద్దుమణగలేదు.

రెండోది శశికుమార్ మెచ్చినది. "ముప్పై ఏళ్లుగా వాడుతున్నారండీ. ఒక్క బటన్ కూడా మారలేదు." తిమ్మరాజుకు ఈ మాట నచ్చింది, పాత మెషిను మోసం చేయదని అతని నమ్మకం. కాని దానికి కంప్యూటరు కావాలి. దుర్గాదేవి అంగట్లో కంప్యూటరు ఎక్కడ పెడతారు, ఇడ్లీ పాత్ర మీదా? పైగా అక్షరాల తంటా ఒకటి. ఇక్కడివాళ్లలో సగంమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుకున్నారు. తెలుగు మాటల్నే తమిళ అక్షరాల్లో రాసుకుంటారు. కోలారువాళ్లు కన్నడ అక్షరాల్లో రాస్తారు. ఆ ముసలి రీడరు వీటన్నిటినీ చిన్న చిన్న డబ్బాలుగా చూపించి ఊరుకుంది. ఉత్తరం నిండా డబ్బాలే. అది చదివితే పావురం బతికిందో చచ్చిందో తెలియదు.

మూడోది ఏమీ అడగలేదు. పేర్లు వద్దు, చోటు వద్దు, మైకు వద్దు. అక్షరాలన్నీ చూపించింది. తెర మధ్య పెద్ద బటన్ ఒకటే, దాని మీద కిందికి దిగే బాణం. తిమ్మరాజు రెండు రోజులు దాని వంక చూస్తూ కూర్చున్నాడు.

"ఇదేంది సార్, ఏమీ అడగలేదు?" అని శశికుమార్‌ను అడిగాడు.

"అడగకపోతే మంచిదే కదండీ."

"అడిగేవాడైతే ఏం కావాలో తెలుస్తాది. అడగనివాడికి ఏం కావాలో ఎట్ల కనుక్కునేది?"

చివరికి సిమ్ము లేని పాత ఫోన్ ఒకటి తీసి, అందులో ఒక్క పేరు కూడా లేకుండా చేసి, ఈ రీడరును పెట్టాడు. అది తెచ్చినదెంత, బయటికి పంపినదెంత అని శశికుమార్ చేత లెక్క చూపించుకున్నాడు. తెచ్చినవి ఉత్తరాలే. పంపినవి తను రాసినవే. ఇంకేమీ లేదు. అప్పుడు ఆఖరి పరీక్షగా ఫోన్‌ను ఏమీ చెప్పకుండా కాంతమ్మ చేతిలో పెట్టాడు. ఆమె తమిళంలో ఎనిమిది చదివింది. ఒక నిమిషం తరవాత, "ఏమయ్యా, కుప్పంలో ఎవరిదో పావురానికి బేదులంట. వాము నీళ్లు పట్టమని రాయి" అంది.

"ఎట్ల తెరిచినావు?"

"పెద్దగా ఉండేది అదొకటే కదా, నొక్కినాను."

ఆ రీడరే ఖాయమైంది.

ఇంకా రెండు చిక్కులు మిగిలాయి. మొదటిసారి పెట్టేటప్పుడు బోర్డు చిరునామా, పేరు, పాస్‌వర్డు అని అది వరసగా అడుగుతుంది. ఆ గడపలోనే సగంమంది ఆగిపోతారు. రెండోది తిమ్మరాజు సొంత చిక్కు. తను పరీక్ష చేసిన రీడరు, వీళ్లు రేపు ఇంటర్నెట్ నుంచి దించుకునేది ఒకటేనని ఎవరు హామీ? అందుకని తన ఫోన్లో సిద్ధంగా ఉన్నదాన్నే, దాని అమరికలతో సహా మొత్తంగా, ఒక మెమరీ కార్డులోకి ఎక్కించాడు. ఇంటింటికీ పోయి వాళ్ల ఫోన్లలో పెట్టాడు. ఉత్తరం కింద కనపడే పేరు మాత్రం ఎవరిది వాళ్లకు మార్చాడు. పాస్‌వర్డు జోలికి పోలేదు. కంపెనీలో ప్రతి మెషిను మీద పాస్‌వర్డు రాసిన స్టిక్కరు అంటించి ఉంటుంది; మూడు షిఫ్టులవాళ్లూ అదే కొడతారు. ఎవరి షిఫ్టులో వాళ్లు పని చేసుకుపోతారు. ఇరవై ఏళ్లుగా దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు. వీళ్లకూ అంతే, గుర్తుపెట్టుకునే బాధ తప్పింది అనుకున్నాడు.

"ఏమీ కొట్టనక్కర్లేదా?" అంది దుర్గాదేవి.

"ఆ బాణం నొక్కు దుర్గమ్మా. అంతే."

కార్డు వద్దన్నవాడు ఒక్కడే. గురుబరపల్లి మారియప్ప, మేస్త్రీ పని చేస్తాడు, కృష్ణగిరి చుట్టుపక్కల అతను కట్టిన గోడలు చాలా ఉన్నాయి.

"వద్దులేప్పా. ఊరంతా తిరిగిన కార్డు నా ఫోన్లోకి రానీయను. నల్ల తెర నాకు అలవాటే."

ఇదే మాట తిమ్మరాజు ఇంకొకరితో అని ఉంటే జాగ్రత్త అనిపించేది. మారియప్ప అనేసరికి, వీడి దగ్గర ఏదో ఉంది అనిపించింది.

పౌర్ణమి దాటిన ఆదివారం అనంతపురం దగ్గర పక్షుల్ని వదిలారు. పది గంటలు కాకముందే ఒక్కొక్కటే హోసూరు మిద్దెల మీద వాలడం మొదలైంది. నీలి రాలేదు. మధ్యాహ్నం దాకా తిమ్మరాజు మిద్దె దిగలేదు. కాంతమ్మ అన్నం పైకి తెచ్చి పెట్టింది. ఆకాశం వంక చూస్తూ పప్పులో మజ్జిగ పోసుకున్నాడు.

సాయంత్రం బోర్డులో రాశాడు: "నా పక్షి ఒకటి రాలేదు. దొరికినవాళ్లు దాని గుర్తులు చెప్పాలి." అంతే. ఆడదో మగదో రాయలేదు, రంగు రాయలేదు. గుర్తులు తను చెబితే దొంగకు దాచుకోవడం సులువవుతుందని.

ఆ మర్నాటి నుంచి బాణం నొక్కడమే పని. షిఫ్టుకు పోయేముందు, టీ విరామంలో, ఇంటికొచ్చాక. కొత్తవి లేవు. కొత్తవి లేవు. అప్పుడప్పుడు ఒక ఉత్తరం వచ్చేది, అదీ తలాతోకా లేకుండా. "అవును, పసుపు పెడితే చాలు" అని ఎవరో ఎవరికో. దేనికి పసుపు? ఎవరడిగారు? ఇంకో రోజు, "ఆయన నోరు తెరిస్తే కదా" అని దుర్గాదేవి. ఏ ఆయన? ముందు ఉత్తరం కనపడదు, వెనక ఉత్తరం కనపడదు. గోడకవతల నలుగురు మాట్లాడుకుంటుంటే మధ్యలో ఒక్క మాట చెవిన పడినట్టు ఉంది.

శశికుమార్‌కు ఫోన్ చేశాడు. "బోర్డు సరిగ్గా ఉందా సార్?"

"బ్రహ్మాండంగా ఉందండీ. మీరు కంగారు పడకండి, వస్తుంది."

కంగారు పడుతున్నానని ఇతనికి ఎవరు చెప్పారు? తిమ్మరాజు ఫోన్ పెట్టేసి ఆ మాటనే నమిలాడు. తనకు తెలియకుండా వేరే విభాగం పెట్టుకున్నారు. తన పక్షి ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలుసు. అందుకే మిద్దె మీద ఆ నవ్వు. సెలవు దొరికిన ప్రతి రోజూ బండేసుకుని ఒక్కొక్క పావురాలవాడి ఇంటి చుట్టూ తిరిగాడు, తల పైకెత్తుకుని. ఒకచోట ఇంటావిడ, మిద్దె మీద బట్టలారేసే తమ కోడల్ని చూస్తున్నాడనుకుని చెంబెడు నీళ్లు కుమ్మరించింది.

అమావాస్య పోయింది. మళ్లీ వెన్నెల ముదిరింది. లెక్కపెట్టి చూస్తే చూడనిది ఒక్క గూడే మిగిలింది. కార్డు వద్దన్న మారియప్పది.

ఆదివారం పొద్దున కృష్ణగిరి బస్సెక్కాడు. నేరుగా పోతే వాడు తలుపులు మూసుకుంటాడని, ముందు కొంచెం కూపీ లాగుదామని సూళగిరిలో దిగి దుర్గాదేవి అంగడికి పోయాడు. లారీ డ్రైవర్లు పోయి అంగడి కొంచెం ఖాళీగా ఉంది. ఆమె దోసె తిప్పుతూ చూసింది.

"వచ్చినావా తిమ్మరాజన్నా? ఇప్పటికి తెల్లారిందా నీకు?"

"ఏం తెల్లారేది?"

"ఇంక పోయి ఏం లాభం, గుడ్లు కూడా పెట్టేసిందంట కదా."

తిమ్మరాజు బల్ల మీద కూర్చోబోయి ఆగాడు. "ఏది?"

"ఏదేంది? మారియప్పన్న దగ్గరుండేది. నీదేనా కాదా?"

"నీకెట్ల తెలుసు?"

"ఊరందరికీ తెలిసినట్లే నాకూ తెలుసు. బోర్డులో రాసినాడు కదా, ఒకటికి రెండు తూర్లు."

"నాకు రాలేదు."

"నీకే రాకుండా మాకెట్ల వస్తాదప్పా? పెట్టిచ్చింది నువ్వే కదా!"

ఆమె చెయ్యి తుడుచుకుని ఫోన్ తెచ్చింది. ఉత్తరాలు ఉన్నాయి. పందెం జరిగిన మర్నాడు మారియప్ప రాసింది: బూడిదరంగు ఆడపక్షి, రెక్కల మీద రెండు గీతలు, డేగ గోరు తగిలి కుడి రెక్క చీలింది, రింగు మీద నంబరు లేదు, సొంతదారు చెప్పాల. దాని కింద ఎవరో కోలారు మనిషి, గాయానికి ఏం పెట్టాలో. దాని కింద దుర్గాదేవి: ఇది తిమ్మరాజన్నదేమో, నంబరు వేయనిది ఆయనొక్కడే. దాని కింద మారియప్ప: అట్లయితే ఆయన్ని చెప్పమను. మళ్లీ వారానికి మారియప్ప: ఇంకా ఎవరూ చెప్పలేదు. దుర్గాదేవి: ఆయన నోరు తెరిస్తే కదా. అమావాస్య మర్నాడు: జత కట్టినాను. మొన్న: గుడ్లు పెట్టింది.

తిమ్మరాజు రెండుసార్లు చదివాడు. "మారియప్పా నువ్వూ కలిసి ఇప్పుడు రాసినారా దీన్ని?"

దుర్గాదేవి అట్లకాడ చూపించింది. "ఇంకొక తూరి అను. మొగం మీద దోసె పోస్తాను."

"మరి నాకెందుకు రాలేదు?"

"నన్నడుగుతావేంది? నేనేమనుకొంటా ఉండానో తెలుసా? నేను రాస్తాను, కోలారు ఆయన జవాబిస్తాడు, మారియప్పన్న ఇస్తాడు. హోసూరువాళ్లు ఒక్కరూ పలకరు. మొగుడు లేని ఆడదానితో బోర్డులో కూడా మాట్లాడకూడదని అనుకొన్న్యారేమో అని, రెండు రోజులు దానివంక చూడను కూడా లేదు."

తిమ్మరాజు తన ఫోన్ తీసి ఆమె ఫోన్ పక్కన బల్ల మీద పెట్టాడు. ఎవరి మాటా నమ్మక్కర్లేని పని ఇది, చేతిపని. బోర్డులో ఏదో ఒక మాట రాయమని కోలారు ఆయనకు దుర్గాదేవి చేత ఫోన్ చేయించాడు. ఆయన రాశాడు. దుర్గాదేవి బాణం నొక్కింది. వచ్చింది. తిమ్మరాజు నొక్కాడు. కొత్తవి లేవు.

"ఇంకొకటి రాయమను."

ఈసారి తను ముందు నొక్కాడు. వచ్చింది. ఆమె నొక్కింది. కొత్తవి లేవు.

దోసె మాడింది. ఇద్దరూ పట్టించుకోలేదు. తిమ్మరాజు శశికుమార్‌కు ఫోన్ చేసి స్పీకరులో పెట్టాడు.

"సార్, నా పేరు మీద బోర్డుకు ఎవరెవరు వస్తా ఉండారు?"

"మీరేనండీ. తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడతారు, అర్ధరాత్రి దాకా తలుపు తడుతూనే ఉంటారు. ఏదో ఉత్తరం కోసం చూస్తూ నిద్రపోవట్లేదేమో అనుకున్నాను."

"మిగతావాళ్లు?"

"వాళ్లెవరూ రావట్లేదండీ. ఉత్తరాలు మాత్రం మీతోనే పంపుతున్నారు. మీరే అందరివీ టైపు చేసి పెడుతున్నారేమో, పెద్దవాళ్లకి సాయంగా అనుకున్నా. అయ్యో. అందరికీ మీ పాస్‌వర్డే ఇచ్చారా?"

తిమ్మరాజు జేబులో ఉన్న మెమరీ కార్డును తడుముకున్నాడు.

"ఎవరికి ఎంతవరకు ఇచ్చానో బోర్డు గుర్తు పెట్టుకుంటుందండీ. మీకు ఒకసారి ఇచ్చినది మళ్లీ మీకు ఇవ్వదు. పదిమందీ మీరే అయితే, ముందొచ్చినవాడు మూట పట్టుకుపోతాడు. తరవాతివాడికి ఖాళీ సంచి."

"మీరు ఉత్తరాలు చదవరా? ఒక్కమాట చెప్పుంటే..."

"మోసేవాణ్ణి నేను. ఇంకొకరి ఉత్తరాలు చదవకూడదండీ."

"నేను అట్ల తలుపు తడతా ఉంటే అన్నా అడగాల్సిండె కదా."

"అడిగితే, నా రాకపోకలు నీకెందుకు అని మీరు నన్ను అనుమానిస్తారు కదండీ" అన్నాడు శశికుమార్ నిజాయితీగా.

దుర్గాదేవి ఫోన్ కట్ చేసి, మాడిన దోసెను బయట కుక్కకు వేసింది. పొద్దున నాలుగింటికి పొయ్యి వెలిగించి మొదట బాణం నొక్కేది ఆమే. గిరాకీ లేనప్పుడల్లా నొక్కేదీ ఆమే. పదిమంది ఉత్తరాలూ ఆమె ఫోన్లో వచ్చి పడ్డాయి, ఆమె అందరికీ జవాబులు రాసింది, ఆ జవాబులు హోసూరులో దాదాపు ఎవరికీ అందలేదు.

"పోన్లే, నా మీద ఎవరికీ అలక లేదు" అంది. "నువ్వు పోయి రా. ఆయన్ని దొంగ గింగ అన్నావంటే తాపీతో కొడతాడు."

గురుబరపల్లిలో మారియప్ప ఇంటి పక్క గోడలకు ఇంకా పూత పడలేదు గాని పావురాల గది మాత్రం నున్నగా పూసి ఉంది. మారియప్ప లుంగీ పైకి కట్టుకుని గింజలు చెరుగుతున్నాడు. తిమ్మరాజును చూసి చేట దించలేదు.

"ఏమప్పా, సెలవు దొరికిందా ఇప్పటికి?"

తిమ్మరాజు జరిగింది చెప్పాడు. దారంతా బస్సులో మాటలు కూర్చుకున్నాడు, కాని ఇక్కడ చెప్పేసరికి నాలుగు ముక్కలయ్యాయి. మారియప్ప విని గింజల్లోంచి ఒక రాయి ఏరి పడేశాడు.

"నేనేమనుకొన్న్యానో చెప్పనా? రెక్క చీలిన పక్షి ఇంక పందానికి పనికిరాదు కదా, అందుకే నాది అని చెప్పుకోలేదు, మేపే పని నా నెత్తిన వేసినాడు అనుకొన్న్యాను. నిన్ను తిట్టుకోని దినం లేదు."

"చూడొచ్చా?"

"చూడు. చెయ్యి పెట్టొద్దు."

లోపలి మూల గూట్లో నీలి గుడ్ల మీద కూర్చుని ఉంది. కుడి రెక్క ఈకలు రెండు వంకరగా మొలిచాయి. తిమ్మరాజు వంగి కాలి వంక చూశాడు. మారియప్ప టార్చి వేశాడు. రింగు అంచున గాటు ఉంది. అప్పటికి గాని తిమ్మరాజుకు అది నీలి అని నమ్మకం కుదరలేదు. నాలుక చివర చిన్నగా చప్పుడు చేశాడు, రోజూ గింజలు వేసేటప్పుడు చేసేది. పక్షి తల తిప్పి చూసింది, మళ్లీ ముక్కుతో ఒక గుడ్డును లోపలికి లాక్కుంది.

బయటికి వచ్చి ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. మారియప్ప భార్య మజ్జిగ ఇచ్చి పోయింది.

"అడుగుతావా?" అన్నాడు మారియప్ప.

"అడగను. గుడ్డు పెట్టినాక అడగకూడదు కదా."

"తప్పు నీదైనా నాదైనా?"

"నాదే" అన్నాడు తిమ్మరాజు, గ్లాసులోకి చూస్తూ. తరవాత గ్లాసు కింద పెట్టి, "రెక్క సరైనాక తలుపు తీసి పెడితే మాత్రం, అది యాడికి పోయినా అడగడం కిందికి రాదు" అన్నాడు.

మారియప్ప నవ్వాడు. "తలుపు తీస్తే అది హోసూరు పోతాది. నీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే తీయకుండా ఉండాను."

"ఊ."

"పిల్లలు గింజ తినేదాకా తీయను. రెండు పిల్లలూ నావి. అవి గింజ తిన్న దినం తలుపు తీస్తాను. ఉంటే ఉంటాది, పోతే పోతాది."

"తీసినావని నాకెట్ల తెలిసేది?" నోరు జారాక తిమ్మరాజు నాలుక కరుచుకున్నాడు.

"నన్ను నమ్మొద్దులేప్పా. తీసేది ముందు దినమే బోర్డులో రాస్తాను. కోలారువాళ్లు, కుప్పంవాళ్లు అందరూ చూస్తారు. మరునాడు నీ మిద్దె మీద నువ్వు చూసుకో. రాకపోతే అది ఈడనే ఉండాల అనుకొనిందని అర్థం. నేను దాచినానని కాదు."

ఆ ముడిలో ఎక్కడైనా వదులు ఉందేమోనని తిమ్మరాజు వెతికాడు. డేగ మళ్లీ కొడితే? మారియప్ప తీశానని రాసి తీయకపోతే? ఎంత వెతికినా చివరికి ఆ మేస్త్రీ మాట మీదే వచ్చి ఆగుతోంది. దాని కింద పెట్టి చూడటానికి గేజీ లేదు.

"సరి" అన్నాడు.

"సరి అంటే చాలదు. ఆ నల్ల తెరలో నాకు కూడా కళ్లు లాగుతా ఉండాయి. నీ రీడరు పెట్టు. తాళంచెవి మాత్రం నాది నాకే."

తిమ్మరాజు కార్డు తీశాడు. ఈసారి అమరికలన్నీ తుడిచేసి, ఖాళీ రీడరును మారియప్ప ఫోన్లోకి ఎక్కించాడు. అది వరసగా అడగడం మొదలుపెట్టింది. బోర్డు చిరునామా కొట్టాడు, మారియప్ప పేరు కొట్టాడు. పాస్‌వర్డు దగ్గర ఆగి ఫోన్ చేతికిచ్చాడు. దారిలో దుర్గాదేవితో మొదలుపెట్టి, సాయంత్రానికి హోసూరు చేరి, మిగతా తొమ్మిదిమంది ఫోన్లలోనూ ఇదే పని చేయాలి. ప్రతి ఇంట్లో ఎందుకని అడుగుతారు. చెప్పాలి.

మారియప్ప ఫోన్ పట్టుకున్నాడు గాని కొట్టలేదు.

"ఏంది?" అన్నాడు తిమ్మరాజు.

"ఆ పక్కకు తిరుగు."

తిమ్మరాజు అరుగు మీదే గదివైపు తిరిగి కూర్చున్నాడు. తెరిచిన తలుపులోంచి మూల గూడు కనపడుతోంది. వెనక మారియప్ప సిమెంటు పట్టిన వేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొడుతున్నాడు, ఒక్కొక్కదాని తరవాత నిట్టూరుస్తున్నాడు.

"అయ్యిందా?"

"ఇంకా లేదు. తిరగొద్దు."

నీలి కళ్లు సగం మూసుకుని గుడ్ల మీద సర్దుకుంది. తిమ్మరాజు దానివంకే చూస్తూ కూర్చున్నాడు.